మనుబోతు బొమ్మ: దర్బారు కళను అంచనా కట్టటం ఎట్లా?

"ఈ బొమ్మ ఎవరిదండీ?"

నందిగామలో ఉపాధ్యాయుడుగా పనిచేస్తున్న మిత్రుడొకడు మొగలాయి కాలపు జంతుచిత్రం ఒకటి తన తరగతిలో చూపించినప్పుడు వెనక బెంచీ విద్యార్థి వేసిన ప్రశ్న ఇది. మిత్రుడు ముందు "జహంగీరుది" అన్నాడట. మరుక్షణమే "కాదు, వేసింది మన్సూరు" అని దిద్దుకున్నాడట. చివరకు "ఇప్పుడున్నది న్యూయార్కు మ్యూజియంలో" అని కూడా చేర్చవలసి వచ్చిందట. చేయించినవాడొకడు, చేసినవాడొకడు, చేతికి చిక్కించుకున్నవాడు మరొకడు. మూడు జవాబులూ నిజమే. మూడింటికీ పొంతన కుదిర్చి చెప్పవలసిన బాధ్యత మాత్రం విమర్శకునిది. ఆ బాధ్యతను మనం ఇంతవరకు సరిగా నెరవేర్చలేదని నా అభిప్రాయం.

దర్బారు కళ ప్రసంగం వచ్చినప్పుడల్లా మన శిబిరంలో రెండు ధోరణులు కనిపిస్తున్నయి. మొదటిది: అదంతా ఫ్యూడల్ ప్రభువుల విలాసం, రైతు నెత్తురు పిండి రాసుకున్న రంగు, దానితో మనకేమి పని అనే ధోరణి. రెండవది: కళ కళే, పోషకుడెవరైతేనేం, ఆ గీత అందం చూడండి, ఆ ప్రభువుకు ప్రకృతి మీద ఎంత ప్రేమో చూడండి అనే ధోరణి. మొదటివారికి బొమ్మ కనిపించదు. రెండవవారికి మనిషి కనిపించడు.

ఈ చర్చ తీరికగా కూర్చుని మాట్లాడుకోవలసిన కాలక్షేపం కాదు. పన్నెండవ తరగతి చరిత్ర పాఠ్యపుస్తకంలో మొగలాయి దర్బారులను గురించి, వారి చరిత్ర గ్రంథాలను గురించి వున్న అధ్యాయాన్ని 2023లో జాతీయ విద్యా పరిశోధన మండలి తొలగించింది. రాతప్రతి ఎట్లా తయారయ్యేది, లేఖకునికీ చిత్రకారునికీ ఏమి స్థానం వుండేది అన్న సంగతులు చెప్పిన అధ్యాయమది. ఆ వారసత్వం పరాయిది అని ఒకరంటారు. అది ఫ్యూడల్ చెత్త అని మనలో ఒకరంటారు. కారణాలు వేరుగాని ఫలితం ఒక్కటే: పిల్లవాని ముందు బొమ్మ వుండదు. కాబట్టి ఉపాధ్యాయులూ, విద్యార్థులూ ఈ విషయంలో నిక్కచ్చిగా ఒక వైఖరికి రావలసివున్నది.

ముందుగా వస్తువేమిటో చూద్దాం. మొగలాయి పాదుషాలు తాము కోరి చేయించిన చిత్రాలనూ, పూర్వపు లేఖకుల చేతిరాతలనూ కలిపి కట్టించుకున్న సంపుటాలను "మురక్కా" అంటారు. అతుకులు వేసి కుట్టినది అని ఆ అరబ్బీ మాటకు అర్థం. సాధారణంగా ఎదురెదురుగా రెండు పుటలలో చిత్రాలుంటే, తరువాతి రెండు పుటలలో చేతిరాత వుంటుంది. ఒకే ఆకుకు ఒక వైపు బొమ్మ, రెండవ వైపు అక్షరం. చుట్టూ పూలతీగెల అంచులు, వాటి మీద బంగారు పూత.

ఈ ఒక్క ఆకు తయారు కావటానికి ఎన్ని చేతులు పడేవో లెక్క వేయండి. కాగితం చేసేవాడు గుజ్జు పోసి తీయాలి. ఆ కాగితాలను పొరలు పొరలుగా అంటించి అట్ట చేయాలి. నున్నని రాయితో గంటల తరబడి రుద్ది మెరుగు పెట్టాలి. బంగారాన్ని రేకులుగా సాగగొట్టేవాడొకడు, రాళ్లను నూరి రంగు తీసేవాడొకడు, దీపపు మసితో సిరా కలిపేవాడొకడు. ఉడుత తోక వెంట్రుకలతో కుంచెలు కట్టాలి. రెల్లు కలానికి వాలుగా పాళీ చెక్కాలి. బొమ్మను ఒకచోటి నుండి మరొకచోటికి ఎత్తటానికి పలుచని జింక చర్మం మీద గీసి, గీత వెంట సూదితో రంధ్రాలు పొడిచి, బొగ్గు పొడి అద్దేవారు. కాగితం మీదికెక్కిన జింక వెనుక చర్మం ఒలిపించుకున్న జింక ఒకటున్నదన్నమాట. ఇంతమంది పనిచేసే ఈ కార్ఖానాకు కితాబ్‌ఖానా అని పేరు. అక్బరు కాలంలో చిత్రకారుల పనిని వారం వారం దరోగాలూ గుమాస్తాలూ పాదుషా ముందు పరిచేవారనీ, పనితనాన్ని బట్టి బహుమానమో జీతం పెంపో జరిగేదనీ అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో రాశాడు. అంటే చిత్రకారుడు ఏకాంతంలో కూర్చున్న ఋషి కాడు, జీతగాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఆ అబుల్ ఫజలే చెప్పిన మరొక సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. అక్బరు చిత్రకారులలో మేటి అనిపించుకున్న దశ్వంత్ ఒక కహారు కొడుకు. కహారు అంటే మన వాడుకలో బోయీ, పల్లకీ మోసేవాడు. ఆ పిల్లవాడు గోడల మీద బొమ్మలు గీసుకుంటూ వుండగా పాదుషా కంట పడ్డాడు. ఉస్తాదు దగ్గర చేరి కొద్దికాలంలోనే అందరినీ మించిపోయాడు. చివరకు మనసు చెదిరి 1584లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. బోయీ కొడుకు చేతిలో అంత విద్య దాగి వుండటం దర్బారు సృష్టించిన వింత కాదు. దాన్ని దర్బారు ఏరుకున్నది, అంతే. ఏరుకోనివారి సంగతి ఏ పుస్తకమూ రాయలేదు.

ఇక జంతువుల బొమ్మలకు వద్దాం. జహంగీరు 1605 నుండి 1627 దాకా పాలించాడు. జంతువులనూ పక్షులనూ గమనించటంలో అతని ఆసక్తి నటన కాదు. ఈ మాట ఒప్పుకోకపోతే మన విమర్శ అబద్ధం మీద నిలబడుతుంది. 1612లో గోవా నుండి ముకర్రబ్ ఖాన్ తెచ్చిన వింత జంతువులలో సీమకోడి ఒకటి వున్నది. దాని మెడ మీది తోలు రంగులు ఎట్లా మారేదీ పాదుషా తన ఆత్మకథలో వర్ణించాడు. ముత్తాత బాబరు జంతువులను మాటలలో వర్ణించాడే గాని బొమ్మలు వేయించలేదనీ, తాను ఆ పని కూడా చేయిస్తున్నాననీ అక్కడే రాసుకున్నాడు. లైలా మజ్ను అని పేర్లు పెట్టి పెంచిన సారసపక్షుల జంట ఎప్పుడు జతకట్టిందో, ఎట్లా గుడ్లు పొదిగిందో శ్రద్ధగా నమోదు చేశాడు. 1621లో అబిసీనియా నుండి చారల గుర్రం, అంటే జీబ్రా, వచ్చినప్పుడు ఆ చారలు ఎవరో పూసిన రంగేమోనన్న అనుమానం కలిగితే, పరీక్షించి సహజమేనని తేల్చారు. దాన్ని మన్సూరు చిత్రించాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియంలో వున్నది. దాని పక్కన జహంగీరు స్వహస్తంతో, ఇది నాదిరుల్ అస్ర్ ఉస్తాద్ మన్సూరు గీసిన పోలిక అని రాశాడు. నాదిరుల్ అస్ర్ అంటే ఈ యుగంలో అపూర్వుడు. పాదుషా తన చేతితో పనివాని పేరు రాయటం చిన్న విషయం కాదు.

అయితే అదే ఆత్మకథలో మరొక లెక్క వున్నది. పన్నెండవ ఏట నుండి యాభయ్యవ ఏటి దాకా తాను వేటాడిన జంతువులను లెక్క వేయించి ఆ మొత్తాన్ని నమోదు చేశాడు. స్వయంగా చంపినవి 17,167. అందులో పక్షులు 13,964. మనుబోతులు 889. జంతువును ఇంత నిశితంగా చూసిన కన్నూ, ఇంత నిశ్చింతగా గురిపెట్టిన కన్నూ ఒక్కటే. రెండూ స్వామిత్వానికి చెందిన చూపులు. చిత్రాల పట్టికా, వేట పట్టికా ఒకే రాజ్యంలో, ఒకే ప్రభువు కోసం తయారయినయి.

1610 నాటి సంగతి ఒకటి చెప్పకుండా ఈ కళను గురించి మాట్లాడటం న్యాయం కాదు. జహంగీరు ఒకనాడు మనుబోతుకు తుపాకి గురిపెట్టాడు. సరిగ్గా అప్పుడే ఒక గుర్రపు నౌకరూ, ఇద్దరు కహారులూ అడ్డం వచ్చారు. మనుబోతు బెదిరి పారిపోయింది. పాదుషాకు పట్టరాని కోపం వచ్చింది. నౌకరును అక్కడికక్కడే చంపమన్నాడు. బోయీలిద్దరికీ కాలి నరాలు కోయించి, గాడిదల మీద ఎక్కించి, విడిదిలో వూరేగించమన్నాడు, మరెవరికీ మళ్లీ అట్లాంటి ధైర్యం కలగకుండా. ఆ తరువాత డేగలతో వేట సాగించి విడిదికి చేరాడు. ఇది శత్రువులెవరో కల్పించిన కథ కాదు. పాదుషా తానే రాసుకున్నాడు. దాచిపెట్టవలసిన పని అని కూడా అతనికి తోచలేదు.

కాలే బోయీకి అన్నం పెడుతుంది. ఆ కాలినే కోశారు. వారి పేర్లు జహంగీరు రాయలేదు. సీమకోడి మెడ రంగు రాశాడు, జీబ్రా చారలు రాశాడు, సారసపక్షులకు పేర్లు పెట్టాడు. బోయీలకు మాత్రం పేర్లు లేవు.

ఇది జరిగిన పదేళ్లకు, అంటే 1620 ప్రాంతంలో, మన్సూరు ఒక మనుబోతును చిత్రించాడు. నందిగామ తరగతి గదిలో మిత్రుడు చూపించిన బొమ్మ అదే. జహంగీరు, షాజహానుల కాలంలో కూడిన ఆకులతో కట్టిన ఒక మురక్కాలోనిది. ఆ మురక్కా ఆకులు యాభై. 1929లో స్కాట్లండులోని పాతవస్తువుల అంగడిలో బయటపడి, వేలంలో చేతులు మారి, 1955లో నలభైఒకటి న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియానికి చేరినయి. తక్కిన తొమ్మిది వాషింగ్టనులో వున్నయి.

ఇప్పుడు విమర్శకుని ముందు అసలు ప్రశ్న నిలుస్తుంది. పై చరిత్ర అంతా తెలిసిన తరువాత ఈ బొమ్మను ఏమని అనాలి? ఇది ప్రభువు ఆస్తి జాబితాలో ఒక పద్దు మాత్రమేనా?

నేను కాదంటాను. బొమ్మను చూడండి. మనుబోతు పక్కకు తిరిగి నిలబడివున్నది. బరువైన భుజం, వాలుగా దిగిన వెన్ను, మెడ మీది జూలు, సన్నని కాళ్లు. అడవి లేదు, వేటగాడు లేడు, పాదుషా లేడు. చర్మం మీద వెలుగు మారేచోట ఒక్కొక్క వెంట్రుకా విడివిడిగా కుంచె మొనతో వేసింది. ఆ కన్ను చూడండి. అది భయపడి పరుగెత్తే జంతువు కన్ను కాదు, చచ్చిన జంతువు కన్ను అసలే కాదు. పాదుషా లెక్కలో 889 మనుబోతులు చచ్చినవాటి సంఖ్యగా వున్నయి. మన్సూరు పుటలో ఒక్కటి బతికి నిలబడివున్నది. ఆజ్ఞ ప్రభువుది, చూపు పనివానిది. ఆజ్ఞలో "పోలిక గీయి" అని మాత్రమే వుంటుంది. ఆ జంతువు నిలబడటంలోని బరువునూ, నిదానాన్నీ చూసి నిలిపింది పనివాని అనుభవం. జీతం ఇచ్చేవాడు పని గంటలను కొనగలడు. ఆ గంటలలో పనివాడు దేన్ని గమనించాడో దాన్ని పూర్తిగా కొనలేడు. శ్రమలోని ఈ మిగులే కళ. మనవాళ్లు అదనపు విలువను గురించి చెప్పేటప్పుడు యజమాని జేబులోకి పోయే మిగులును చూపిస్తారు. అది నిజమే. యజమాని జేబులో పట్టని మిగులు కూడా ఒకటున్నదని ఈ బొమ్మ చెబుతున్నది.

దీనివల్ల మన్సూరును విప్లవకారుణ్ణి చేయబోవటం లేదు. దర్బారు చిత్రకారులు తమ పేరుకు ముందు "బందా", అంటే దాసుడు, అని రాసుకోవటం ఆచారం. బోయీల గతి చూసి అతను ఏమనుకున్నాడో మనకు ఆధారం లేదు, కల్పించకూడదు కూడా. కాని కళాఖండం విలువ కళాకారుని ఉద్దేశంలోనే వుంటుందనుకోవటం భావవాదం. పనిలో ఏమి సాధించబడ్డదో చూడాలి. అధికారం ఏ జీవిని పద్దుగా చూసిందో, ఆ జీవినే జీవిగా చూపటం సాధించబడ్డది. అందుకే ఈ బొమ్మ మనది.

ఇక లిపికళ. ఇక్కడ నా అంచనా ఇంత అనుకూలంగా లేదు. దర్బారు తూకంలో లేఖకుని స్థానం చిత్రకారుని కంటె పైది. ఐన్-ఇ-అక్బరీ ముందు అక్షరాన్ని పొగిడి, తరువాతనే బొమ్మ దగ్గరకు వస్తుంది. మతగ్రంథమూ, రాజశాసనమూ అక్షరంలో వుంటయి కాబట్టి ఇది సహజమే. నస్తాలిక్ లిపిలో పై నుండి కిందికి వాలుగా జారే అక్షరాల పంక్తి నిజంగా అందమైనది. రెల్లు కలాన్ని ఏ కోణంలో తిప్పితే గీత లావవుతుందో, ఎక్కడ వెంట్రుకవాసి అవుతుందో తెలియటానికి జీవితమంతా పట్టేది. ముహమ్మద్ హుసేన్ కాశ్మీరీకి అక్బరు "జర్రీన్ కలం", బంగారు కలం, అన్న బిరుదిచ్చాడు.

అయితే మురక్కాలో ఆ అక్షరానికి పట్టిన గతి ఏమిటి? పాత లేఖకులు రాసిన పద్యాలను ముక్కలుగా కత్తిరించి, బొమ్మ చుట్టూ, అంచుల లోపల అతికించారు. ఆ పద్యానికీ ఆ బొమ్మకూ చాలాచోట్ల ఏ సంబంధమూ లేదు. పద్యం పూర్తిగా వుండనక్కరలేదు, అర్థం కానక్కరలేదు. ఫలానా వాని చేతిరాత మా దగ్గరున్నదని తెలిస్తే చాలు. అంటే మాట తన పనిని పోగొట్టుకుని నగ అయింది. రచయితలమైన మనం ఇక్కడ ఆగి ఆలోచించాలి. అర్థం నుండి విడదీసిన రూపం ఎంత అందమైనదైనా పెట్టెలో పెట్టే సొమ్ముగానే మిగులుతుంది. బొమ్మలో జంతువు ప్రాణం పోసుకున్నది. పక్క పుటలో మాట ప్రాణం పోగొట్టుకున్నది. ఒకే మురక్కాలో ఈ రెండూ జరిగినయి. రూపవాదులు ఈ తేడాను ఎన్నడూ చెప్పరు.

ఆ లేఖకుని బతుకు కూడా చూడండి. ఈ మురక్కాలలో ఎక్కువగా కనిపించే చేతిరాత హిరాత్ నగరపు మీర్ అలీది. 16వ శతాబ్దంలో ఉజ్బెక్ ప్రభువు హిరాత్‌ను పట్టుకున్నప్పుడు దోపిడీ సొమ్ముతోపాటు ఈ లేఖకుణ్ణి కూడా బుఖారాకు తీసుకుపోయాడు. తన చేతిరాతే తన కాలికి సంకెల అయిందని మీర్ అలీ పద్యంలో మొరపెట్టుకున్నాడు. అతను పోయిన తరువాత అతని చేతిరాత ఆగ్రాకూ, లాహోరుకూ చేరి పాదుషాల పెట్టెలకెక్కింది. లేఖకుని కాలికి సంకెల, బోయీ కాలికి కత్తి, మనుబోతుకు తుపాకి. మురక్కా అంచుల మీది బంగారు పూలు ఈ మూడింటినీ కప్పినయి.

ఇదంతా ఎక్కడో ఢిల్లీ, ఆగ్రాల సంగతి, మనకేమిటంటారా? మన ప్రాంతానికే వద్దాం. నందిగామ, జగ్గయ్యపేటలున్న ఈ మెట్టప్రాంతం 1687 దాకా గోల్కొండ నవాబుల ఏలుబడిలో, కొండపల్లి కోట అదుపులో వుండేది. మల్కిభరాముడని తెలుగు కవులు పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్ షా మన కవులను ఆదరించాడని సాహిత్యచరిత్రలో చదువుకుంటాం. అతని కొడుకు మహమ్మద్ కులీ 1591లో హైదరాబాదు కట్టించాడు. అతని దక్ఖనీ కవితల బంగారు పూతల రాతప్రతి సాలార్‌జంగ్ మ్యూజియంలో వున్నది. దక్కను చిత్రకారులకు మొగలాయిలకు లేని సరదా ఒకటి వుండేది: ప్రార్థనా వాక్యాల అక్షరాలనే మెలితిప్పి సింహంగానో, గుర్రంగానో కూర్చటం. బిజాపురం వైపు ఇట్లాంటివి మంచివి వచ్చినయి. అక్షరమూ జంతువూ అక్కడ వేరు వేరు పుటలలో కాక ఒకే దేహంలో కలిసినయి. మాట నగగా మారిందన్న నా ఫిర్యాదుకు దక్కను పనివాడు చెప్పిన సమాధానంగా దీన్ని తీసుకోవచ్చు. ఆ సింహాన్ని చదవకుండా పూర్తిగా చూసినట్టు కాదు.

ఈ దర్బారు బంగారం ఎక్కడిది? కొంత జవాబు మన కాళ్ల కిందనే వున్నది. కృష్ణ ఒడ్డున కొల్లూరు, నందిగామకు దగ్గరి పరిటాల వజ్రపు గనులకు పేరుబడ్డ వూళ్లు. కోహినూరు కొల్లూరులోనే దొరికిందని ఎక్కువమంది అభిప్రాయం. 17వ శతాబ్దంలో కొల్లూరు చూసిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే అక్కడ అరవై వేలమంది దాకా ఆడా మగా పిల్లలూ పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వుతారు, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోస్తారు. పెద్ద రాయి దొరికితే రాజుది. ఇంగ్లీషువారికి సర్కారు జిల్లాలు ఇచ్చేసినప్పుడు కూడా నిజాము పరిటాలను మాత్రం వదులుకోలేదు, వజ్రాల ఆశ అట్లాంటిది. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీటి కింద వున్నది. మట్టి మోసిన ఆ పిల్లలను చిత్రించమని ఏ దర్బారూ ఏ చిత్రకారుణ్ణీ కోరలేదు.

ఇక జగ్గయ్యపేట. ఆ వూరి పక్క గుట్ట మీది దిబ్బను జనం ధనంబోడు అంటారు. దిబ్బలో దొరికింది ధనం కాదు, బౌద్ధస్తూపం. 1882లో బర్జెస్ దాన్ని పరిశీలించాడు. అక్కడి పలకలలో ప్రసిద్ధమైనది ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో వున్నది. క్రీస్తు పుట్టటానికి కాస్త ముందో వెనుకో చెక్కిన ఆ పలకలో మాంధాత చక్రవర్తి చేయి పైకెత్తి నిలబడితే మేఘం నుండి నాణేలు వర్షిస్తున్నయి. చుట్టూ అతని సప్తరత్నాలు: చక్రం, మణి, ఏనుగు, గుర్రం, రాణి, గృహపతి, మంత్రి. ఏనుగూ గుర్రమూ మణితో సమానంగా ఆస్తి. ఆడది కూడా ఆస్తే. మొగలాయి మురక్కాకు పదిహేను వందల ఏళ్లకు పైగా ముందే, మన మెట్టసీమ సున్నపురాతి మీద, చక్రవర్తి ఆస్తిపట్టిక బొమ్మలలో చెక్కివున్నది! జంతువును ఆస్తిగా చూసే చూపును తురకలు తెచ్చారని ఎవరైనా అంటే వారిని ఎగ్మూరుకు పంపాలి. ఆ చూపు మతంతో రాలేదు, రాజ్యంతో వచ్చింది. అయితే బౌద్ధకథలో మాంధాత తృష్ణ తీరక, ఇంద్రుని సింహాసనంలో సగం కూడా చాలక, చివరకు కిందపడ్డాడు. పలక ముందు నిలబడ్డ భక్తునికి ఆ కథ తెలుసు. మురక్కాకు అట్లాంటి కథ లేదు.

అదే స్తూపంలో, ఈ పలకకు కొన్ని వందల ఏళ్ల తరువాత, క్రీస్తుశకం 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో వేసిన ప్రాకృత శాసనం వున్నది. వెలగిరి మహాచైత్యపు తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలిపిన దాత రాజు కాడు, సెట్టి కాడు. "అవేసని" సిద్ధార్థుడు. అవేసని అంటే శిల్పి, పనివారి మేస్త్రి. తండ్రి నాగచంద్రుడు కూడా అవేసనే. తల్లి, భార్య, కొడుకు, కూతురు, తమ్ముడు అందరి పేర్లూ చెప్పుకుని, సకల జీవుల హితం కోసం, సుఖం కోసం అని రాయించాడు. ఆ అక్షరాలు చూడదగినవి. నిలువు గీతలు పైకీ కిందికీ సాగి తీగెల మాదిరిగా వంపు తిరుగుతయి. లిపికళ మనకు పరాయిది కాదనటానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. మురక్కాలోని అక్షరం అందం కోసం అర్థాన్ని వదులుకున్నది. ఇక్కడ అక్షరం ఎంత వంపు తిరిగినా ఒక పనివాని పేరు మోస్తూనే వున్నది.

సిద్ధార్థుణ్ణి చూపించి అదొక స్వర్ణయుగం అనేవారితో నేను ఏకీభవించను. అయిదు స్తంభాలు దానం చేయగలిగినవాడు పనివారిలో పైవాడు. ఆ రాతిని గని నుండి కోసినవారి పేర్లు, గుట్ట మీదికి లాగినవారి పేర్లు ఆ శాసనంలో కూడా లేవు. అయినా ఒక తేడా వున్నది. మన్సూరు పేరు పాదుషా రాస్తే వున్నది. సిద్ధార్థుడు తన పేరు తాను చెప్పుకున్నాడు.

మురక్కాలలో కూడా పనివాడు తలెత్తిన చోటు ఒకటున్నది. అది అంచు. జహంగీరు కాలపు కొన్ని ఆకులలో, చేతిరాత చుట్టూ బంగారు అంచులలో, కాగితానికి మెరుగు పెట్టేవాడు, పుస్తకం కుట్టేవాడు, రాసేవాడు చిన్నచిన్న బొమ్మలుగా కూర్చుని పనిచేస్తూ కనిపిస్తారు. టెహరాను గులిస్తాను మహలులో వున్న మురక్కా అంచులలో దౌలత్ అనే చిత్రకారుడు తన తోటి చిత్రకారుల రూపాలు వేశాడు, తనతో సహా. పుట నడుమ పాదుషా మెచ్చిన అక్షరం, అంచులో దాన్ని తయారుచేసిన మనిషి. మన చదువు అంచు నుండి మొదలుకావాలి.

ఉపాధ్యాయ మిత్రులకు చెప్పదలచింది ఇంతే. ఈ బొమ్మలను దాచవద్దు. బొమ్మ చూపించండి. దాని ముందు విద్యార్థిని తనివితీరా చూడనివ్వండి, వెంట్రుక వెంట్రుకా చూడనివ్వండి. ఆ తరువాతనే 1610 నాటి కథ చెప్పండి. వరుస మార్చి కథ ముందు చెబితే పిల్లవానికి బొమ్మ మీద అసహ్యం మాత్రమే మిగులుతుంది. కథ అసలు చెప్పకపోతే భక్తి మాత్రమే మిగులుతుంది. తెలంగాణలో చేర్యాల పటాలు వేసేవారిని నకాషీలంటాం. దర్బారులో చిత్రకారుణ్ణి పిలిచిన నక్కాష్ అన్న మాటే అది. పక్కనే కొండపల్లిలో తెల్లపొణికి కొయ్యతో అంబారీ ఏనుగును చెక్కి రంగులు వేసే చేతులున్నయి. దర్బారులు పోయినయి, చేతులు మిగిలినయి. ఒకప్పుడు పాదుషా తప్ప మరొకరు తిప్పని పుట ఇప్పుడు నందిగామ విద్యార్థి సెల్‌ఫోనులో కనిపిస్తున్నది. చూసే హక్కు వచ్చింది. చూసి తేల్చుకునే హక్కు కూడా అతనిదే కావాలి.

ఆ విద్యార్థి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చుననుకుంటాను. చేయించినవాడు జహంగీరు. దాచుకున్నది న్యూయార్కు. బొమ్మ మాత్రం మన్సూరుది, అతనికి కాగితం రుద్ది ఇచ్చినవానిది, కుంచె కట్టి ఇచ్చినవానిది. ఆ మనుబోతు తప్పించుకుపోయిందన్న నేరానికి కాళ్లు పోగొట్టుకున్న ఆ ఇద్దరు బోయీల సంగతి తెలిసి కూడా దాన్ని చూడగలిగినవానిది.